ఇరవై రెండో ఎత్తులో సమానత్వం

చదరంగంలో గెలిచినవాడికి కప్పు వస్తుంది, ఓడినవాడికి నిద్ర పోతుంది. డ్రా చేసుకున్న ఇద్దరికీ కప్పూ దక్కుతుంది, నిద్రా దక్కుతుంది. ఇంతటి వరాన్ని పట్టుకుని పిరికితనం అంటారా?

నమ్మకం కుదరకపోతే మొన్న బిలాస్‌పూర్‌లో మా రైల్వే కాలనీ పోటీ ఫైనల్ సంగతి వినండి. ఒకవైపు నేను, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న సెక్షన్ పెద్దని. ఎదురుగా ప్రసూన, మా సెక్షన్‌లోనే గుమాస్తాగా చేరి రెండేళ్లయిన అమ్మాయి.

తెల్లపావులు నావి. ఆ అమ్మాయి ఫ్రెంచ్ డిఫెన్స్ ఎత్తుకుంది. పుస్తకాలు చదివినవాళ్లు అక్కడ యుద్ధం మొదలెడతారు. నేను శాంతికాముకుణ్ణి. మూడో ఎత్తుకే బంటుకి బంటు మార్చేశాను. బోర్డు అటూ ఇటూ అద్దంలో చూసుకున్నట్టయింది. ఇక ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ? రాజ్యాంగంలో రాసుకున్న సమానత్వం మూడు ఎత్తుల్లో వచ్చేసింది!

ప్రసూనకి మాత్రం సమానత్వం మీద అంత గౌరవం లేదు. ఇరవై రెండో ఎత్తుకల్లా ఆమె ఏనుగులు రెండూ నా రాజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాయి. నా మంత్రి ఎక్కడో మూలన ఇరుక్కుపోయాడు. డ్రా గొప్పతనం నాకు పూర్తిగా బోధపడింది అప్పుడే. డ్రా చేసుకుందామా అమ్మా అని చెయ్యి చాచాను.

పక్కనే నిలబడి చూస్తున్న రిటైర్డ్ డ్రైవర్ పైడిరాజుగారు ఉండబట్టలేకపోయారు. "డ్రా ఏటి? ఇంకో రెండెత్తుల్లో అయిపోతాది కదా."

ప్రసూన బోర్డువంక చాలాసేపు చూసింది. తర్వాత నావంక చూసింది.

"రాయ్‌పూర్ టోర్నమెంటుకి నేను పెట్టిన సెలవు అర్జీ మీ టేబుల్ మీదే ఉన్నాది కదా సార్?"

ఉంది. మూడు వారాలుగా ఉంది. తొందరపడి సంతకాలు పెట్టే అలవాటు నాకు లేదు. రేపు చూస్తానమ్మా అన్నాను.

"అచ్ఛా. అయితే డ్రాయే సార్," అని నా చెయ్యి అందుకుంది.

కప్పు చెరో ఆర్నెల్లు ఉంచుకోమని కమిటీ తీర్మానించింది. మొదటి ఆర్నెల్లు నాకే, సీనియారిటీ ప్రకారం. పైడిరాజుగారు మాత్రం ఆ రోజునుంచి నాకు నమస్కారం పెట్టడం మానేశారు. ఆయనకి శాంతి విలువ తెలియదు.

మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టాను. ప్రసూన రాయ్‌పూర్ వెళ్లి ఏడు ఆటలు ఆడిందట. ఏడూ గెలిచిందట. ఒక్క డ్రా కూడా లేదు! పాపం, ఆ ఏడుగురిలో ఎవరికీ ఆమె సెలవు మంజూరు చేసే అధికారం లేదు.