అర్జెంటు బటన్

సిరిసిల్లలో దుకాణాలకు వెబ్ పేజీలు చేసిపెట్టడం నా పని. నా భార్య ప్రవీణకు మాత్రం నేను నల్లా బాగుచేయని మనిషిని. మా నల్లా కారడం మొదలై మూడు నెలలైంది. నేను "రేపు చేస్తా" అనడం మొదలై కూడా అంతే.

పోరు పడలేక ఇంటి పనులకు ఒక ఫారం తయారుచేశాను. పని రాసి, కింద "నిదానంగా", "అర్జెంటు" అనే రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. ఫారం ఒకటే అయినా ఒక్కో బటన్‌కు ఒక్కో చిరునామా పెట్టొచ్చు. "నిదానంగా" నా ఫోనుకు వస్తుంది. "అర్జెంటు" మాత్రం కోరుట్లలో ఉండే మా అమ్మ ఇంద్రమ్మకు ఎప్పుడో తీసిచ్చిన మెయిల్‌కు పోతుంది. అమ్మకు చదవడం రాదు. ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడ దొరుకుతుంది?

"నొక్కితే నీకు అస్తదా?" అంది ప్రవీణ.

"క్షణంల అస్తది."

"మరి నల్లా ఎప్పుడు చేస్తవ్?"

"ఫారంల రాయి. నోటితోని చెప్తే చెల్లది."

వారం రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆదివారం కొండగట్టు దగ్గర దోస్తుల దావత్. నెల నుంచి ఎదురుచూస్తున్నాను. బండి తాళం తీసుకున్నానో లేదో, గుమ్మం ముందు ఆటో ఆగింది. అమ్మ దిగింది. రోజూ అమ్మతో కూచుని బీడీలు చుట్టే నలుగురు ఆడవాళ్లు కూడా చాటలతో సహా దిగారు.

"నల్లా ఏదిరా?" అంది అమ్మ.

"నీకెట్ల తెల్సు?"

"ఫోన్ సదివి వినిపిస్తది గదరా. నాకు సదువు రాదని నువ్వే గట్ల పెట్టిస్తివి. బీడీలు చుట్టుకుంట అందరం ఇంటున్నం. ఒక్క పనన్న చేసినవా?"

వెనక నుంచి ఒకామె అడిగింది. "నిన్న దోమల జాలీ కాడ ఆగింది. అది బిగిచ్చిండా లేదా?"

ఆ ఫోన్ సెట్ చేసిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా మీద నాకే ఒళ్లు మండింది.

దావత్ పోయింది. ఐదుగురూ వరసగా కూచుని బీడీలు చుడుతుంటే నల్లా విప్పాను. వాషర్ తిరగేసి పెట్టానని కూడా వాళ్లే చెప్పారు.

సాయంత్రం వాళ్లను బస్సెక్కించి వచ్చి, ప్రవీణతో అన్నాను. "గా బటన్ నా ఫోనుకే మారుస్త."

బియ్యం ఏరుతున్న ఆమె తలెత్తలేదు.

"మార్చకు. అన్నీ తనకే అస్తున్నయని మొదటి దినమే అత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. అందుకే రోజుకొకటి రాసిన. గది పోవాల్సిన కాడికే పోతున్నది."