తుపాకీకి కుంకుమబొట్టు

ప్రతి తెలుగింట్లోనూ ఒక అరుదైన వేట తుపాకీ ఉండితీరాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

సముద్రాలు దాటొచ్చి మేం స్థిరపడ్డ టూంగాబీ పేటలో మా పక్కవీధి విజయభాస్కర్‌నే చూడండి. రిటైరైన ఇంజినీరు. బొద్దింక కనబడితే పేపరు మీదికి ఎక్కించి, తోటలో దింపి వచ్చే మనిషి. అలాంటాయన లైసెన్సు తీసుకుని, షూటింగ్ క్లబ్బులో చేరి, ఓ పాతకాలపు జర్మన్ వేట రైఫిల్ కొన్నాడు. ఆ మోడల్ కాసిని చేసి ఆపేశారట! ఆయన భార్య లీలావతిగారి చీరల బీరువా పక్కకు జరిగి, ఆ చోట ఇనుప సేఫ్ వెలిసింది.

ఇక చూడండి వైభోగం! అంతకుముందు ఆ ఇంట్లో నలుగురం కలిస్తే ఏం మాట్లాడుకునేవాళ్లం? ఇళ్ల రేట్లు, పిల్లల ట్యూషన్లు. ఇప్పుడో?

"కాలిస్తే కలెక్షన్ వాల్యూ పోతుంది" అని మా స్నేహితుడు ఈశ్వరప్రసాద్. "కాల్చకపోతే అది తుపాకీ ఎలా అవుతుందండీ, చేతికర్రే కదా!" అని నేను. పక్కపేట పెండిల్ హిల్‌లోని హోటల్లో దోసెలు చల్లారిపోయేవి గాని, వాదన చల్లారేది కాదు. బీపీలు పెరిగాయి, స్నేహమూ పెరిగింది. ఇంతకంటే ఏం కావాలి?

దసరా వచ్చింది. ఆయుధపూజ! కారుకీ మిక్సీకీ బొట్టు పెట్టిన లీలావతిగారు, సేఫ్ తెరిపించి రైఫిల్‌కీ నిండుగా గంధం, కుంకుమ పెట్టారు. మర్నాడు రైఫిల్ చూడ్డానికి ఒక కలెక్టర్ వచ్చాడు. జిల్లా కలెక్టర్ కాదు లెండి, పాత తుపాకులు పోగేసే తెల్లాయన. తాతలనాటి పాలిష్ మీద ఎర్రటి మరక! "ఓ, మేట్!" అంటూ, ఇంట్లో ఎవరో పోయినట్టు విజయభాస్కర్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

విజయభాస్కర్ నీరుగారిపోయాడు. లీలావతిగారు మాత్రం, "వాల్యూ పోయిందిగా! ఇంకెందుకండీ భయం? పదండి, కాల్చేద్దాం!" అన్నారు.

దానికి సరిపడే తూటాలు షాపుల్లో దొరకవు. క్లబ్బులో ఓ పెద్దాయన చేసిచ్చాడు. అందరం క్లబ్బు షూటింగ్ రేంజికి వెళ్లాం. విజయభాస్కర్ కళ్లు మూసుకుని పేల్చాడు. తూటా మట్టిగట్టులోకి, కళ్లజోడు గడ్డిలోకి! తర్వాత క్లబ్బువాళ్లు పక్కనుండి చూపిస్తుంటే లీలావతిగారు కొంగు దోపి రైఫిల్ పట్టుకున్నారు. ఢాం! టార్గెట్‌కి నడిబొడ్డున చిల్లు!

"ఎంత బావుందండీ! ఇన్నాళ్లూ దీన్నా లోపల పెట్టి తాళం వేశారు?" అని చిన్నపిల్లలా గెంతారు. ఆయన రైఫిల్ తన్నిన భుజం నొప్పి మరిచి చప్పట్లు కొట్టాడు.

ఆ ఊపులోనే ఇంటికొచ్చి, ఆవిడ షోకేసు తెరిచారు. బంగారు అంచు డిన్నర్ సెట్ దించి, అందులో మాకు ఉప్మా పెట్టారు! స్టిక్కర్లు కూడా ఊడలేదు. అంతవరకూ మాకు పేపరు ప్లేట్లే మరి!

"ఇవెప్పటివమ్మా?" అన్నాను.

"మేం డార్విన్‌లో ఉన్నప్పుడు కొన్నాం, అన్నయ్యగారూ. ఎవరైనా మంచి గెస్ట్స్ వస్తే తీద్దామని దాచాను."

అయ్యా, తుపాకీ సంగతి అలా ఉంచండి. ఏళ్ల తరబడి వారం వారం ఆ ఇంట్లో ఉప్మా తింటున్న మేమెవరం?