హైదరాబాద్‌కు చేరని మార్చి

నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని చెరకు అంచనాల కార్యాలయంలో ఆ ఏడు మార్చి నెల రాలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

దీనికి సాంకేతిక కారణం ఉంది. చెరకు నాటిన నాటి నుంచి నెలలు లెక్కగట్టి, ముదిరిందో లేదో చెప్పే పెద్ద కంప్యూటర్ హైదరాబాద్‌లో ఉండేది. ఆపరేటర్ ఆత్మారాం ఇక్కడి చిన్న కంప్యూటర్‌లో ‘నెల’ అని పేరు రాసిన డబ్బాలాంటి వేరియబుల్‌కు మార్చి అని విలువ ఇచ్చి, ఫోను తీగ మీదుగా అక్కడ లెక్క వేయించేవాడు. అయితే ఇక్కడిచ్చిన విలువ అక్కడికి దానంతటది పోదు. పంపడానికొక ఆజ్ఞ, తెప్పించుకోవడానికొక ఆజ్ఞ. శిక్షణలో మనవాడికి నేర్పింది తెప్పించుకునేది మాత్రమే. జిల్లా వాళ్లకు అంతకంటే అవసరమేముంటుందని పైవారు దయతో ఆలోచించారు. అక్కడి ‘నెల’లో ఎవరో ఎప్పుడో వదిలేసిన జులై హాయిగా కూర్చుని ఉంది.

ఫలితం వచ్చింది: “నెల: జులై. చెరకు లేతగా ఉన్నది. కోయరాదు.”

ఈ కార్యాలయం కటింగ్ ఆర్డరు ఇస్తేనే ఫ్యాక్టరీ చెరకు తీసుకునేది. ఎడపల్లి నుంచి ఆత్మారాం బావ భోజన్న ఎండిన చెరకు గడ భుజాన వేసుకుని వచ్చాడు.

“బామ్మర్దీ, గడ బెండు వారింది సూడు. ఇంకో పది దినాలైతే పొయ్యిలకే. ఆర్డరియ్యరాదు?”

“నాకు కనవడ్తలేదా బావా? మిషను లేతగున్నదంటున్నది.”

“మిషను ఎడపల్లికి ఎప్పుడొచ్చింది?”

ఆత్మారాం ప్రాణం ఉసూరుమంది. అక్క ముఖం కళ్లముందు మెదిలింది. కానీ కళ్లతో చూసింది ఫైల్లో పెట్టే నిబంధన లేదు కదా!

అధికారి రాజారాం సారు క్రమశిక్షణ గల మనిషి. హైదరాబాద్ జులై అన్నాక జులైయేనని గోడ క్యాలెండరు తిప్పించారు. వానాకాలం గనుక ఫ్యాన్లు ఆపించారు. అటెండరు లింగం మండుటెండలో గొడుగేసుకుని టీ తెస్తే, సిబ్బందిలో వాడొక్కడికే బాధ్యత తెలుసని మెచ్చుకున్నారు.

ఆత్మారాం ఎవరెవరికో ఫోన్లు చేసి, పంపే ఆజ్ఞేదో రాబట్టాడు. ఒక్క వరుస! సంబరంగా సారు ముందు పెట్టాడు.

“ఏందయ్యా, కింది నుంచి మీదికి పంపుతవా? నా సర్వీసుల గసొంటి పని జెయ్యలే. పర్మిషన్ రావాలె.”

‘నెల’కు మార్చి అను విలువ పంపుటకు అనుమతి కోరుతూ ఫైలు బయలుదేరింది. ఈలోగా భోజన్న చెరకు బెల్లానికి కూడా పనికిరాకుండా పోయింది. అక్క ఆ గడలే పొయ్యిలో పెట్టి తమ్ముడికి అన్నం వండింది. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

అనుమతి జులైలో వచ్చింది. మంజూరైన విలువ మార్చి గనుక, అక్షరం తేడా రాకుండా మార్చి అనే పంపారు. పెద్ద కంప్యూటర్ వెంటనే ఒప్పుకుంది. భోజన్న చేన్లో కొట్టేసిన మోళ్ల నుంచి లేచిన మోకాలెత్తు పిలకలు బాగా ముదిరాయని, తక్షణం కోయాలని ఆర్డరు వెళ్లింది.

జిల్లా మాట మొదటిసారి రాజధానికి చేరిన శుభసందర్భంలో సన్మానసభ జరిగింది. “మార్చి మాసపు ఈ మండుటెండలో విచ్చేసిన రైతు సోదరులారా!” అని రాజారాం సారు ఉపన్యాసం మొదలుపెట్టారు. శాలువా కప్పుకున్న ఆత్మారాం తల ఎత్తలేదు.

తడిసిన కండువా పిండుకుంటూ భోజన్న లేచాడు. “సారూ, గిది ఏ నెల?”

రేకుల మీద వాన దబదబా కురుస్తోంది. సభలో ఉన్న మనమంతా ఆ చప్పుడు వింటూనే, జవాబు కోసం వేదిక వైపు చూశాం.