పెద్దావిడ ప్లగ్గు

ఆ ఆదివారానికి లెక్కల మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి పాత బనియను గుడ్డతో బండి తుడవాలి. తొమ్మిదింటికి వీధి చివరిదాకా ఒక రౌండు వేసి రావాలి. ఆ తరవాత పరీక్ష పేపర్లు దిద్దాలి. ముగ్గురు పిల్లలు ఒకే లెక్కలో ఒకే తప్పు చేశారని ముందురోజే కనిపెట్టి పక్కన పెట్టుకున్నారు. కాపీ కొట్టినవాళ్ళకు ఆయన వేసే సున్నా పెట్రోలు ట్యాంకు మూతంత ఉంటుందని బళ్ళో పేరు.

బండి ఆయన మొదటి ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నది. పెళ్ళికి నాలుగేళ్ళ ముందే ఇంట్లో అడుగుపెట్టింది కాబట్టి ఆయన భార్య దాన్ని పెద్దావిడ అంటుంది. "పెద్దావిడ అలంకారం అయ్యాక చిన్నావిడకి బజారునుంచి సబ్బులు తెచ్చిపెట్టండి" అని ప్రతి ఆదివారం వంటింట్లోంచి వినిపిస్తూనే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ బండి. ట్యాంకు నలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఆగి మెచ్చుకుంటే మాస్టారు అనే మాట ఎప్పుడూ ఒకటే. "దీనికి ఇంతవరకూ పరాయి చెయ్యి తగల్లేదండీ. విప్పినా బిగించినా నేనే."

ఇది పచ్చి అబద్ధం. ప్లగ్గు విప్పి, మసి తుడిచి, మళ్ళీ బిగించడం తప్ప మాస్టారికి ఏమీ రాదు. పెళ్ళయిన కొత్తలో, భార్య పుట్టింటికి వెళ్ళినప్పుడు బండి మొరాయిస్తే, ఊరి చివర షెడ్డులో ఉండే స్పానర్ బాబాయ్ అనే మెకానిక్ దాన్ని బాగుచేశాడు. తిరిగొచ్చిన భార్య "ఎవరు బాగుచేశారు?" అని అడిగితే కొత్త పెళ్ళికొడుకు నోటినుంచి "నేనే" అని జారింది. ఆ ఒక్క మాటకు ఇరవై ఆరేళ్ళుగా కాపలా కాస్తున్నారు. నెలకో బుధవారం పొద్దున్నే బండిని షెడ్డులో వదిలి బస్సులో బడికి పోవడం, సాయంత్రం తెచ్చుకోవడం, వీధి మలుపులో ఆగి డబ్బాలోంచి గ్రీజు తీసి రెండు చేతులకూ పూసుకోవడం, "ఖాళీ పీరియడ్లో బడి వెనకాల విప్పి సరిచేశాను" అంటూ ఇంట్లోకి రావడం. విప్పిన పెద్దావిడను కళ్ళారా చూసే ధైర్యం లేక ఆయన షెడ్డులో పది నిమిషాలు కూడా నిలబడింది లేదు. ఎవరికీ చెప్పనని స్పానర్ బాబాయ్ చేత ఒట్టు మాత్రం వేయించుకున్నారు.

ఆ పొద్దున బండి కింద రెండు చుక్కల ఆయిలు కనిపించింది. గోడకు వేలాడాల్సిన స్పానరు బల్ల మీద ఉంది. "పిల్లి దూరినట్టుంది" అంది భార్య, తొంగి కూడా చూడకుండా. ఇంతలో కూతురు కాఫీ గ్లాసు పట్టుకొచ్చింది. ఆ అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు చివరి సంవత్సరం. ఈ చదువే ఎందుకని కాలేజీలో చేరేటప్పుడు అడిగితే "మా నాన్న" అని చెప్పి ఊరుకున్న పిల్ల.

"నాన్నా, ఇవాళ పదకొండింటికి మా లెక్చరరు గారొస్తున్నారు. ముగ్గురు ఫ్రెండ్సు కూడా. నువ్వు క్లచ్ మూత విప్పి చూపించాలి."

"ఎవరు?"

"నువ్వే. దీన్ని ఇంకెవరు విప్పుతారు?"

"ఇవాళే ఎందుకమ్మా?"

"నీకు పావుగంట పని కదా. నేను పక్కనుండి అన్నీ అందిస్తాలే. నువ్వేం కంగారుపడకు."

కంగారుపడకు అని ఎందుకందో ఆలోచించే స్థితిలో మాస్టారు లేరు. క్లచ్ మూత బండికి ఏ వైపున ఉంటుందో కూడా ఆయనకు రూఢిగా తెలియదు. ఊరంతా నవ్వినా తట్టుకోగలరు. పదేళ్ళుగా బడిపిల్లలు వెనకనుంచి వెక్కిరిస్తూనే ఉన్నారు. కానీ ఈ పిల్ల కళ్ళలో చులకనవడం మాత్రం ఆయనవల్ల కాదు.

పదింటికి ఒక ఉపాయం తట్టింది. బండి స్టార్టు కాకపోతే సరి. పాడైన బండిని పరాయివాళ్ళ ముందు విప్పకూడదని చెప్పి పంపించేయవచ్చు. ఎవరూ చూడకుండా తనకొచ్చిన ఒకే ఒక్క విద్య ప్రదర్శించి, ప్లగ్గు విప్పి, వైరును పక్కకు దోపి, ప్లగ్గును చొక్కా జేబులో వేసుకున్నారు. అతిథుల కోసం భార్య ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లచొక్కా అది. లెక్క సరిపోయింది అనుకున్నారు.

లెక్చరరు వస్తూనే చొక్కా చేతులు మోచేతులదాకా మడిచాడు. కుర్రకారు బండి చుట్టూ చేరారు. మాస్టారు శ్రద్ధగా పన్నెండుసార్లు కిక్కు కొట్టి, చెమట తుడుచుకుని, నిట్టూర్చారు. "స్టార్టు కావట్లేదండీ. దానికీ వయసైపోయింది. ఇంకోసారి ఎప్పుడైనా చూద్దాం."

లెక్చరరు ముఖం వెలిగిపోయింది. "ఇంతకన్నా ఏం కావాలి సార్. బాగున్న బండి విప్పితే పిల్లలకి ఏం తెలుస్తుంది? ఇప్పుడు నిజమైన రోగం దొరికింది. మీరెలా కనిపెడతారో చూస్తాం." ముగ్గురూ నోటుపుస్తకాలు తెరిచారు.

కూతురు వంగి చూసింది. "నాన్నా, ప్లగ్గు లేదు."

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయినా ఇరవై ఆరేళ్ళ కింద జారినట్టే నోటినుంచి మాట జారింది. "ఎవరో ఎత్తుకుపోయినట్టున్నారు."

దొంగతనం అన్న వాసన తగిలితే చాలు, ఎదురింటి రిటైర్డ్ సర్కిల్ ఇన్‌స్పెక్టరు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేస్తారు. ఏడేళ్ళుగా కేసు లేక ఆయన ముఖం వాచిపోయి ఉన్నారు. "ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. పొద్దుట్నుంచి ఈ గేటు లోపలికి ఎవరెవరొచ్చారు?"

"ఇనుపసామాన్లాయన వచ్చాడు. పాత బకెట్టు వేశాను" అంది మాస్టారి భార్య. "కానీ ఆయన చాలా మంచివాడండీ."

"అంత మంచివాడని మీకనిపించిందంటే అనుమానించాల్సిందే" అని సర్కిల్ గారు వీధిలోకి నడిచారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారి చెయ్యి జేబు మీదికి పోయింది.

"ఏమండీ, జేబు దగ్గర ఆ నల్లమరకేంటి?" అంది భార్య.

"పెన్ను కక్కింది."

"మీ జేబులో ఉండేది ఎర్ర పెన్ను కదా."

ఆవిడ ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది. ఫోను మాట్లాడి బయటికి వచ్చి, ప్లగ్గు తెమ్మని ఒక మెకానిక్‌కి చెప్పానంది. ఆవిడకు మెకానిక్కులెవరు తెలుసో మాస్టారికి అర్థం కాలేదు. పావుగంటలో గేటు ముందు సైకిలు దిగిన మనిషిని చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. స్పానర్ బాబాయ్.

బాబాయ్ మాస్టారిని చూశాడు. ఒట్టు గుర్తొచ్చింది. వెంటనే రెండు చేతులూ జోడించాడు. "నమస్కారమండీ. తమరేనా లెక్కల మాస్టారంటే? పేరు వినడమేగానీ ఇదే చూడ్డం." తరవాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇదేనా బండి? రెండు చక్రాలూ ఉన్నాయే" అని ఆశ్చర్యపోయాడు. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి తనకోసం ఇంత ఘోరంగా నటించాల్సి వచ్చినందుకు మాస్టారికి తలెత్తుకోబుద్ధి కాలేదు.

సర్కిల్ గారు ఇనుపసామాన్లాయన్ని తోపుడుబండితో సహా తీసుకొచ్చి, గోనెసంచి అరుగు మీద బోర్లించారు. వంకరపోయిన గరిటెలు, తుప్పుపట్టిన కుళాయి, తలుపు బందులు. వాటి మధ్యలోంచి ఒక ప్లగ్గు దొర్లుకుంటూ వచ్చి లెక్చరరు కాలి దగ్గర ఆగింది.

"ఇంకేం కావాలి?" అన్నారు సర్కిల్ గారు.

"అది వెనకవీధి స్కూటరాయన వేసిందండీ" అన్నాడు ఇనుపసామాన్లాయన. "ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో తిరుగుతున్నాను. ఒక మేకు కూడా అడక్కుండా తీసుకోలేదు. మాస్టారూ, మీకు తెలుసు కదా, మీరైనా చెప్పండి."

సర్కిల్ గారు ప్లగ్గును బాబాయ్ ముందు పెట్టారు. "నువ్వు చెప్పు. ఇది ఈ బండిదేనా?"

కాదని బాబాయ్ కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ బండికి వేసిన ప్రతి ప్లగ్గూ అతని చేతిమీదుగా వచ్చిందే. కానీ ఇప్పుడే మొదటిసారి చూసిన మనిషి ఆ మాట ఎలా అంటాడు? మాస్టారి వంక దీనంగా చూశాడు. "నేను... బండిని ఇప్పుడే కదండీ చూస్తున్నాను" అని గొణిగాడు.

"అయితే స్టేషనులో తేలుతుంది" అని సర్కిల్ గారు ఇనుపసామాన్లాయన మణికట్టు పట్టుకున్నారు.

మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. ఎదురుగా తెరిచి పెట్టిన మూడు నోటుపుస్తకాలు. లోపల బల్ల మీద సున్నాల కోసం ఎదురుచూస్తున్న మూడు పేపర్లు. పక్కన, తనవంకే చూస్తున్న కూతురు. ఆయన జేబులో చెయ్యి పెట్టి ప్లగ్గు బయటికి తీశారు.

"వదిలేయండి సార్. దొంగను నేనే."

అక్కడితో ఆగితే సగం పరువైనా దక్కేది. కానీ మొదలుపెట్టాక ఆగలేకపోయారు. "క్లచ్ మూత ఎటువైపుంటుందో కూడా నాకు తెలీదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ బండి చూస్తున్నది ఈ బాబాయే. నేను చేసిందల్లా చేతులకి గ్రీజు పూసుకోవడం." ఇనుపసామాన్లాయనకు చేతులు జోడించారు. "క్షమించవయ్యా. నా గొప్పకోసం నీ మీదికి తెచ్చాను." ఈ మాటలన్నీ ఆయన నేలకేసి చూస్తూనే అన్నారు.

"పోనీలెండి మాస్టారూ" అన్నాడు ఇనుపసామాన్లాయన. తరవాత సర్కిల్ గారివైపు చెయ్యి చాపాడు. "ఆ ప్లగ్గు నాది సార్. ఇలా ఇవ్వండి."

కూతురు బండి పక్కన ఒక పళ్ళెం పెట్టుకుని గొంతుక్కూర్చుంది. "రా నాన్నా. మూత ఎటుందో చూపిస్తాను" అని బోల్టులు తిప్పింది. స్పానరుతో కాదు, వేళ్ళతో. సీసా మూతల్లా ఒక్కొక్కటే ఊడొచ్చాయి. ఆయిలు పళ్ళెంలోకి కారిపోయాక మూత తీసి, తుడిచి, లోపలివైపు ఆయన ముందు పెట్టింది.

విప్పిన ప్రతి మూతకూ లోపల మేకుతో తారీఖు గీయడం స్పానర్ బాబాయ్ అలవాటు. పైనుంచి కిందిదాకా తారీఖులే. మొదట్లోవి పెద్దవి, వంకరటింకరవి. కిందివి చిన్నవి, పొందికైనవి. వాటిలో ఏడు వచ్చిన ప్రతిచోటా నడుమున ఒక అడ్డగీత ఉంది. ఒకటికీ ఏడుకీ పొరపాటు పడకూడదని మాస్టారు ఏళ్ళ తరబడి పిల్లలకు నూరిపోసే గీత అది. అందరికన్నా ముందు ఆయన దాన్ని నేర్పింది కూతురికి.

"ఇది నీ రాత" అన్నారు మాస్టారు.

"మూడేళ్ళయింది నాన్నా. బుధవారాలు మాకు ప్రాక్టికల్సు బయటే. నేను ఈ తాత షెడ్డులో చేరాను. మొదటిరోజు నా ముందుకొచ్చిన బండి ఇదే."

బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "మీరొక ఒట్టు వేయించుకున్నారు. అమ్మాయి ఇంకో ఒట్టు వేయించింది. రెండూ మోయలేక మూడేళ్ళుగా చస్తున్నాను మాస్టారూ."

"మరి ఈ విప్పి చూపించడం దేనికమ్మా?"

"పొద్దున్న ఐదింటికి లేచి బోల్టులన్నీ వదులు చేసిపెట్టాను" అంది కూతురు. "నువ్వు వేళ్ళతో తిప్పితే వచ్చేస్తాయి. ఇంతమంది ముందు నిజంగానే విప్పినవాడివి అవుతావు. ఆ తరవాత ఎవరికి చెప్పుకున్నా అబద్ధం కాదు కదా అనుకున్నాను."

దొరికిపోయిన సిగ్గు ఒకటి. అది మాస్టారు ఎలాగో మింగారు. తన అబద్ధాన్ని నిజం చేయడానికి ఈ పిల్ల తెల్లవారకముందే లేచి చీకట్లో బోల్టులు తిప్పింది. తనేమో ప్లగ్గు ఎలా దాచాలో చూసుకున్నారు. ఈ సిగ్గు మింగుడుపడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీకూ తెలుసా?" అన్నారు భార్యతో.

"మొదటి బుధవారమే తెలిసింది. పని చేసినవాళ్ళకి గ్రీజు గోళ్ళల్లో ఉంటుంది. మీకెప్పుడూ అరచేతుల్లోనే. ఇన్నేళ్ళూ ఆ సబ్బులన్నీ దేనికనుకున్నారు?"

"మరి ఒక్కమాట అనలేదేం?"

"అంటే మీరు పౌరుషానికి పోయి నిజంగానే విప్పేవాళ్ళు. పెద్దావిడ ఏమైపోయేది?"

మాస్టారు లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చారు. బండి పక్కనున్న గోడ మీద తనకు తనే సున్నా వేసుకున్నారు. పెట్రోలు ట్యాంకు మూతంత సున్నా. కూతురు దాన్ని చూసి, "మళ్ళీ పరీక్ష ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నారాయన. తనకే కాదు, బల్ల మీదున్న ఆ ముగ్గురికి కూడా.

ఆ మధ్యాహ్నమంతా కూతురు చెప్పింది, బాబాయ్ తిట్టాడు, మాస్టారు బిగించారు. లెక్చరరూ పిల్లలూ నాలుగు పేజీలు రాసుకున్నారు. ఇనుపసామాన్లాయన టీ తాగి, వెళుతూ వెళుతూ బండికి తనెంత ఇవ్వగలడో చెప్పి, మాస్టారి భార్య చేత చీవాట్లు తిన్నాడు. సాయంత్రానికి పెద్దావిడ రెండో కిక్కుకే అందుకుంది. మాస్టారు చేతులు తిప్పి చూసుకున్నారు. పది గోళ్ళలోనూ గ్రీజు ఉంది.

అందరూ వెళ్ళాక నేల తుడుస్తుంటే పళ్ళెం పక్కన ఒక వాషరు మిగిలి కనిపించింది. మాస్టారు అటూ ఇటూ చూసి, దాన్ని తీసి జేబులో వేసుకున్నారు.