మళ్ళీ మాస్టారు, మా స్నానాల గది తలుపు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. అక్షరాలు పెద్దతనంలో నేర్చుకున్నదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెడతాను. ఒక్క పేజీ నిండేసరికి స్టవ్ మీద పాలు పొంగి, చల్లారి, తోడు పెట్టే వేళ కూడా అయిపోతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఆ ఆదివారం పొద్దున మా అల్లుడు అందరికంటే ముందు లేచాడు. అతను వంతెనలు కట్టే ఇంజనీరు. మధ్యాహ్నం భోజనానికి తన కాలేజీ స్నేహితుల్నీ, వాళ్ళకి పాఠం చెప్పిన మాస్టారినీ పిలిచాడు. పైకి చెప్పింది పాత కబుర్లని. అసలు సంగతి మా మనవరాలు. అదే కాలేజీలో దానికి సీటు వచ్చింది. వస్తానో రానో ఆ సాయంత్రం లోపల చెప్పెయ్యాలి. పిల్ల మాత్రం రెండు వారాలుగా ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతోంది.

దానికి చదువు రాక కాదు. లెక్క ఇస్తే మనం కళ్ళజోడు వెతుక్కునే లోపల చేసేస్తుంది. కాకపోతే నలుగురిలో ఎవరైనా తప్పు చూపిస్తే మాత్రం తట్టుకోలేదు. ఆ పూటకి అన్నం మానేస్తుంది. ఆ కాలేజీవాళ్ళకేమో తప్పు చూపించడమే పనని ఊరంతా చెప్పుకుంటారు.

"మేం ఎలా బతికి బయటపడ్డామో వింటే దానికే ధైర్యం వస్తుంది" అన్నాడు అల్లుడు.

"పిల్లని పంపిస్తున్నది కాలేజీకాండీ, యుద్ధానికా?" అంది మా అమ్మాయి, కూరగాయలు తరుగుతూ.

అతను ఆ మాట వినిపించుకోలేదు. మాస్టారు వచ్చేసరికి ఇంట్లో ఏ లోపమూ కనబడకూడదని హాల్లోని స్నానాల గది తలుపు విప్పదీస్తున్నాడు. దాని పిడి కొంచెం వదులుగా ఉండేది. కొంచెమే. మేమంతా దానికి అలవాటు పడిపోయాం. అతను పిడి ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. చివర్లో ఒక స్క్రూ మిగిలింది. మనవరాలు నోట్లో బ్రష్షుతోనే చూసి, వేలు పెట్టి చూపించింది.

"మిగిలిందంటే మీ నాన్న పొదుపుగా చేశాడన్నమాట" అని ఆ స్క్రూని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ముందు వచ్చినవాడు బోల్టు. ఇప్పుడు లిఫ్టుల కంపెనీలో పెద్ద ఉద్యోగం, కానీ ఈ ఇంట్లో ఇప్పటికీ బోల్టే. వెనకాలే మీటరు వచ్చింది. ఆమె కరెంటు ఇంజనీరు. సొంతంగా ఫ్యాక్టరీ నడుపుతోంది. కనబడిన ప్రతి ప్లగ్గు వైపూ అనుమానంగా చూస్తుంది. వాళ్ళు మా అల్లుణ్ణి "వంతెనా" అంటారు. గుమ్మంలోనే ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారంటే అభిమానం బాగానే ఉందని నాకు అర్థమైంది.

పిల్లని మధ్యలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పారు. వర్క్‌షాపులో ఇనుప ముక్కని చతురస్రంగా అరగదీయమంటే, దిద్దీ దిద్దీ అది చొక్కా బొత్తామంత అయ్యేదాకా అరగదీశానని బోల్టు చెప్పాడు. పరీక్షల ముందు తను నిలబడే నిద్రపోయేదట మీటరు. మా అల్లుడు కట్టిన బొమ్మ వంతెన మీద మాస్టారు ఒక పుస్తకం పెట్టగానే అది కూలిపోయిందట. ఒక్కొక్క కథ ముగిసేసరికి వాళ్ళ ఛాతీలు ఉబ్బుతున్నాయి, పిల్ల మొహం పాలిపోతోంది.

అన్ని కథల్లోనూ చివర వచ్చేది ఒకే మాట. వాళ్ళ మాస్టారు ఏ పని చూపించినా బాగుందనేవారు కాదు, బాగాలేదనీ అనేవారు కాదు. ఒకసారి చూసి "మళ్ళీ" అని పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయేవారు. అందుకే ఆయన పేరు మళ్ళీ మాస్టారు.

"నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా బాగుందనలేదా?" అని అడిగింది మనవరాలు.

"ఒక్కసారీ అనలేదు" అన్నారు ముగ్గురూ, ఏదో బహుమతి వచ్చినట్టు.

పిల్ల లేచి వంటింట్లోకి వచ్చింది. "అమ్మమ్మా, నాకొద్దు. సాయంత్రం నాన్నకి నువ్వే చెప్పు" అని మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయింది.

అప్పుడే మాస్టారు వచ్చారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. కళ్ళజోడు బిగించుకునే చిన్న స్క్రూడ్రైవరు జేబులోంచి తొంగిచూస్తోంది. ముగ్గురూ లేచి చేతులు కట్టుకు నిలబడ్డారు. నెరిసిన జుట్టు ఉన్నవాళ్ళు అలా నిలబడితే చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆయన చేతులు కడుక్కుంటానని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

కాసేపటికి లోపల్నించి చప్పుడైంది. తర్వాత మాస్టారి గొంతు వినిపించింది, నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా.

"తలుపు రావట్లేదు."

అల్లుడు ముందుకు ఒక్క అడుగు వేశాడు. బోల్టు అతని చెయ్యి పట్టుకున్నాడు. బోల్టు కళ్ళు మెరుస్తున్నాయి.

"ఒరేయ్, గుర్తు లేదా? అదే గొంతు. అదే మాట."

వాళ్ళ వర్క్‌షాపు పరీక్ష ఇలా ఉండేదట. మాస్టారు యంత్రంలో ఎక్కడో ఒక లోపం దాచిపెట్టి, ఏమీ తెలియని కొనుగోలుదారుడిలా పక్కన నిలబడి "ఇది తిరగట్లేదు" అనేవారు. అంతకంటే ఒక్క ముక్క చెప్పేవారు కాదు. పిల్లలు ప్రశ్నలు అడిగి, లోపం కనిపెట్టి, బాగుచెయ్యాలి. బలం వాడితే సున్నా.

"ఈ వయసులో కూడా మనకి పరీక్ష పెట్టారంటే, మన మీద ఎంత గురి" అంది మీటరు. 

అల్లుడి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.  నా పనితనం వల్లే మాస్టారు ఇరుక్కుపోయారని ఆయన పాత విద్యార్థుల ముందు చెప్పడం కంటే, అది పరీక్షే అనుకోవడం అతనికి నయంగా తోచింది.

"సార్, ఎప్పట్నించి రావట్లేదు?" అని అడిగాడు బోల్టు, పద్ధతి ప్రకారం.

లోపల్నించి జవాబు వచ్చింది. "ఇప్పట్నించే."

"రాకముందు ఏమైనా శబ్దం వచ్చిందా సార్?"

 ఈసారి లోపల్నించి చిన్న నవ్వు వినిపించింది. "ఓహో, అలాగా" అన్నారు మాస్టారు. 

పద్ధతి ప్రకారం యంత్రం మీద చెయ్యి వేసేముందు కరెంటు ఆపాలి. తలుపుకి కరెంటు ఎక్కడుందని మా అమ్మాయి అడిగింది. ఎక్కడుందో తెలియనప్పుడే ఆపాలి అని మీటరు వెళ్ళి ఇంటి మొత్తానికీ మెయిన్ ఆపేసింది. కరెంటు కుక్కర్లో అన్నం సగంలో ఆగిపోయింది. తర్వాత నీళ్ళు ఆపాలి. బోల్టు పెరట్లోకి వెళ్ళి వాల్వు తిప్పేశాడు. తర్వాత గీత గియ్యకుండా పని మొదలుపెట్టకూడదు. అల్లుడు గోడ మీది క్యాలెండరు తీసి, దాని వెనకవైపు తలుపు బొమ్మ గీశాడు. పైనించి ఒకటి, పక్కనించి ఒకటి. ఇద్దరు ఒప్పుకుని సంతకం చేస్తేనే అది చెల్లుతుంది. బోల్టు కొలతలు తప్పన్నాడు. మీటరు క్యాలెండరే తప్పు, పోయిన ఏడాదిది అంది.

ఈలోగా పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరు దిగి వచ్చాడు. నడుముకి తువ్వాలు, తలనిండా సబ్బు నురగ. నీళ్ళు ఎందుకు ఆగాయని అడగడానికి వచ్చి, తలుపు చుట్టూ గుంపు చూసి ఆగాడు. ఇరుక్కున్నదేదైనా సరే, తనకి అప్పగిస్తే ఒక్క నిమిషంలో పీకేస్తానన్నాడు.

"బలం వాడకూడదు" అన్నారు ముగ్గురూ.

అతను వాళ్ళ మొహాలు చూసి, ఇంక వీళ్ళతో లాభం లేదనుకుని, కళ్ళలోకి కారుతున్న నురగ తుడుచుకుంటూ పెరట్లోకి నడిచాడు.

బోల్టు మెల్లగా, పసిపిల్ల చేతిలోంచి గాజు బొమ్మ తీసుకున్నట్టు, బయటి పిడిని ఊడదీశాడు. దాని వెంట లోపలి ఇనుప కడ్డీ కూడా వచ్చేసింది. అదే సమయంలో లోపల టకటకమని చప్పుడు. సబ్బుపెట్టెతో దేన్నో కొడుతున్నట్టు.

"సార్ ఏదో సూచన ఇస్తున్నారు" అంది మీటరు, తలుపుకి చెవి ఆనించి.

సూచన కాదు. మాస్టారు తన బుల్లి స్క్రూడ్రైవరు ఆనించి తలుపు కీళ్ళలోని పిన్నులు పైకి కొడుతున్నారు. మీటరు ఆనించిన చెవి బరువుకి తలుపు లోపలికి ఒరిగింది. ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి, దబ్బున పడింది. మాస్టారు పక్కకి తప్పుకున్నారు గానీ కుళాయి తప్పుకోలేకపోయింది. అది విరిగి దొర్లిపోయింది. అంతవరకూ పరవాలేదు, నీళ్ళు లేవు కదా. కానీ సరిగ్గా అప్పుడే పెరట్లో పళ్ళ డాక్టరు వాల్వు తిప్పాడు.

గోడలోంచి నీళ్ళు ఫౌంటెన్‌లా చిమ్మాయి. ఆ నీళ్ళలోంచి మాస్టారు బయటికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చేతిలో పిన్నులు, మొహం నిండా వెలుగు.

"పాసేనా?" అన్నారాయన.

అదే క్షణంలో ఈ ముగ్గురూ "సార్, పాసేనా?" అన్నారు.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మాస్టారేమో, ఇన్నేళ్ళ తర్వాత శిష్యులు తనకి పరీక్ష పెట్టారనుకున్నారట. తను నేర్పిన ప్రశ్నలే తలుపు అవతల్నించి వినిపించేసరికి ఆయనకి గుండె నిండిపోయిందట. "ఒక్కటీ మర్చిపోలేదర్రా" అన్నారు, నీళ్ళు కారుతున్న కళ్ళజోడు తుడుచుకుంటూ. మీటరు ఏడ్చేసింది. తడిసిపోయి ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదనుకుంది.

పెరట్లోకి వెళ్ళి వాల్వు మళ్ళీ మూసింది మా అమ్మాయే. డాక్టరు పై వాటాలోకి వెళ్ళే లోపలే నీళ్ళు పోయాయి. నలుగురూ కలిసి తలుపు ఎత్తి నిలబెట్టారు, పిన్నులు దించారు, పిడి బిగించారు. మెయిన్ వేశారు. అప్పుడు మాస్టారు, మన పని మనమే దిద్దుకోకూడదు, చెయ్యి పెట్టనివాళ్ళు చూడాలి, అదీ మన కాలేజీ పద్ధతి అన్నారు. చుట్టూ చూస్తే, మెట్ల మీద మా మనవరాలు కూర్చుని ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో, కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు అవి.

"రామ్మా, నువ్వు చూడు" అన్నారు మాస్టారు.

పిల్ల వచ్చింది. తలుపు తీసింది, వేసింది. పైన ఒక మూల గుండా లోపలి వెలుతురు కనబడుతోంది. పిడి పట్టుకుంటే ఊగింది. వంగి అడుగున చూసింది. తర్వాత వాళ్ళ నాన్న వైపు చెయ్యి చాపింది.

"నాన్నా, పొద్దున మిగిలింది."

అల్లుడు జేబులోంచి స్క్రూ తీసి దాని అరచేతిలో పెట్టాడు. బోల్టూ మీటరూ ఆ స్క్రూని చూశారు, అతన్ని చూశారు.  అతని చెవులు ఎర్రబడ్డాయి.

పిల్ల ఆ స్క్రూని మాస్టారి చేతిలో వేసింది. తలుపు వైపు ఇంకోసారి చూసింది.

"మళ్ళీ" అంది.

 నా చేతిలో గరిటె ఉందని కూడా మర్చిపోయాను. అంత పెద్దాయన్ని, తడిసి వణుకుతున్న మనిషిని, ఈ పిల్ల అంత మాట అనేసిందే అనుకున్నాను. మాస్టారు తలూపారు. వంగి నేల మీది స్క్రూడ్రైవరు తీసుకుని, తలుపు దగ్గర కూర్చున్నారు. మొహంలో చిన్నబుచ్చుకున్న ఛాయ కూడా లేదు. ఆయన వెనకే ముగ్గురూ కూర్చున్నారు.

పిల్ల ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది. "మీకు కోపం రాలేదా తాతగారూ?" అని మెల్లగా అడిగింది.

"కోపమెందుకమ్మా? పనికిరారనుకుంటే పొమ్మంటారు. మళ్ళీ అన్నారంటే ఇంకా మనతో పని ఉన్నట్టే గదా" అన్నారాయన, తలెత్తకుండా. "ఆ పిడి కొంచెం పట్టుకో."

అది పట్టుకుంది. సగం ఉడికిన అన్నం పూర్తయ్యేదాకా పట్టుకునే ఉంది. తర్వాత చేతులు తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుని, వస్తానని ఆ కాలేజీకి పంపించేసింది. నాకు మాత్రం చూపించింది. అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఒక్క తప్పు లేదు.

ఇట్లు, అందరూ అమ్మమ్మా అని పిలిచే నేను. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉంటున్నది కూతురింట్లో, హాలు పక్క గదిలో, స్నానాల గదికి సరిగ్గా ఎదురుగా. దానికి ప్రస్తుతం తలుపు బదులు ఒక దుప్పటి కట్టి ఉంది; తలుపుకి గీసిన కొత్త బొమ్మ మీద బోల్టు ఇంకా సంతకం పెట్టలేదు.