ఖాళీ సీసా

సోమవారం బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తారు. నచ్చిన ప్రయోగాన్ని బందరులో జరిగే సైన్సు ప్రదర్శనకు పంపుతారు. తిరువూరు దాటి ఎరగని ప్రేమావతి, ఆ ప్రయాణం మీద ఆశతో, మూడు వారాలుగా ఒక పెద్ద గాజుసీసాను కిటికీ ఎండలో ఉంచి కాపాడుతోంది. సీసాలో కట్టలేరు వాగు నీళ్లు, పచ్చని నాచు, ఆ నాచును తినే సన్నని నీటిపురుగులు, వాటిని తినే రెండు చేపపిల్లలు ఉన్నాయి. శనివారం ఉదయానికి ఇక మిగిలిందల్లా ఇన్‌స్పెక్టరు గారికి చెప్పవలసిన నాలుగు మాటలు బట్టీ పట్టడమే. ప్రేమావతికి కష్టమైనదీ అదే. హాజరు పలికినా ఆమె గొంతు టీచరు దాకా వెళ్లదు.

ఆ సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థన. పాస్టరు గారు వస్తున్నారంటే తల్లి సామ్రాజ్యం గోడలు కూడా కడుగుతుంది. ప్రేమావతి బావి నుంచి వచ్చేసరికి తల్లి బూడిదతో తోమిన సీసా తళతళలాడుతోంది. చేపపిల్లలు తేటనీళ్లలో తిరుగుతున్నాయి.

"అమ్మా, నాచేదీ?"

"పారబోశా. అయ్యగారి ఎదురుగా ఆ పాచేంటే, పరువుతక్కువ!"

చేపలకు అదే ఆధారమని ప్రేమావతి గొణిగిన మాట గోడ కడుగుతున్న తల్లి దాకా వెళ్లలేదు.

ప్రార్థన ముగిసేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తండ్రి దేవానందం జాలిపడ్డాడు.

"ఆకలేస్తున్నట్టుంది, పాపం," అని గుప్పెడు అన్నం వేశాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి సీసా ఖాళీగా బోర్లించి ఉంది.

"కుడితి సీసాలో పట్టారేంటే?" అంది నాయనమ్మ మాణిక్యమ్మ. "గోలెంలో పోశా. గేదె తాగేసింది."

"అందులో చేపలున్నాయి నాయనమ్మా!"

"ఓసినీ! అందుకేనా అట్టా తుమ్మింది!"

సోమవారం ప్రేమావతి ఖాళీ సీసాతో వరుస చివర నిలబడింది. ఇన్‌స్పెక్టరు గారు ఆగారు.

"ఇందులో ఏముందమ్మా?"

"ఏమీ లేదండి."

"ఎందుకు లేదు?"

బట్టీ పట్టిన నాలుగు మాటలూ దీనికి పనికిరావు. ప్రేమావతి జరిగినదే చెప్పింది.

"ఎండతో తిండి తయారుచేసేది ఇందులో నాచొక్కటేనండి. అది పోయింది. పురుగులకు మేత పోయింది, చేపలకు పురుగులు పోయాయి, ఊపిరీ చాల్లేదు. రెండ్రోజుల్లో ఇదీ మిగిలిందండి."

వరుస మొదట్లో ఉన్న కామేశ్వరి టీచరు కూడా విని తిరిగి చూశారు. ఇన్‌స్పెక్టరు గారు వంగి, ఖాళీ సీసాలోకి చాలాసేపు గంభీరంగా చూశారు.

"అందరూ ఉన్నది చూపించారు. పోతే ఏమవుతుందో ఈ అమ్మాయి చూపించింది," అని బందరుకు ఆమె పేరు రాసుకున్నారు. అంతలో అనుమానం వచ్చి తలెత్తారు.

"నిజం చెప్పమ్మా, దీనికి ఇంట్లోవాళ్లెవరైనా సాయం చేశారా?"

"అందరూ చేశారండి."