తానీషా గారి టిఫిను

శ్రీకాకుళం జిల్లా ప్రజలకి చరిత్ర తెలియడం లేదని మంత్రి జగన్నాధం గారికి ఒక ఉదయం హఠాత్తుగా బాధ కలిగింది. మధ్యాహ్నానికల్లా ప్రెస్‌మీట్ పెట్టేశారు. ఒకప్పుడు శ్రీకాకుళాన్ని గోల్కొండ సుల్తానుల మనుషులే ఏలారనీ, ఆ కుతుబ్‌షాహీల వైభవమూ పతనమూ నాటకంగా వేయిస్తాననీ, చివరి సుల్తాను తానీషా వేషం ప్రజాసేవలో భాగంగా తానే కడతాననీ ప్రకటించారు.

మంత్రిగారికి పాట రాదు. తెర వెనక పాడడానికి గజపతినగరం నాటకాల మాస్టారు జోగయ్యని పిలిపించారు. జోగయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కోట పోగొట్టుకుని బందీగా వెళ్తూ తానీషా పాడే పద్యం ఒకటి ఆయన వయసులో ఉండగా రాసుకున్నాడు. తన ఉప్పు తిన్నవాడే శత్రువుకి తలుపు తీశాడని అందులో ఏడుపు. దాన్ని ఒక్కసారైనా జనానికి వినిపించకుండా పోతానేమోనన్నదే ఆయన బెంగ.

రిహార్సల్లో మంత్రిగారు కోట పోయేదాకా కథ విని పతనం తీసెయ్యమన్నారు.

"ఎలచ్చన్లు దగ్గిరికొస్తన్నాయి. టేజీ మీద పెబుత్వం పడిపోతే జనం ఏటనుకుంతారు?"

మొగలు సేనాపతి కోటలోకి వచ్చేసరికి తానీషా టిఫిను చేస్తున్నాడనీ, కంగారుపడకుండా అతన్నీ కూర్చోమన్నాడనీ చెబుతారు. మంత్రిగారికి అదొక్కటీ నచ్చింది.

"అదుంచు. సేనాపతి వస్తాడు, టిపిను సేస్తాడు, ఎల్లిపోతాడు."

పద్యం పోయింది. జోగయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం సాయంత్రం అరసవల్లి దగ్గర మైదానం కార్యకర్తలతో నిండిపోయింది. మన వైపు పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు. చచ్చిపడినవాడైనా లేచి, మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. కార్యకర్తలకి పద్యం దాకా ఓపిక లేదు. మంత్రిగారు ఇడ్లీ ముగించగానే వన్స్‌మోర్ కొట్టారు. ప్రజల తీర్పుని ఆయన ఏనాడూ కాదనలేదు. మళ్లీ తిన్నారు. మళ్లీ కొట్టారు. సేనాపతి వేషంలో ఉన్న కూర్మయ్య శత్రుత్వం మరచి చట్నీ అడిగి వేయించుకున్నాడు.

ఇంకో ప్లేటు వచ్చింది. వెనకే పీఏ రమేష్‌బాబు వచ్చి, వాట్సాప్‌లో వచ్చిన కబురు చెవిలో చదివాడు. జగన్నాధం గారిని మంత్రివర్గంలోంచి తీసేశారు. ఆ పదవి విజయనగరం పద్మకుమారి గారికిచ్చారు. మంత్రిగారి మెడలోని మైకు ఆ రహస్యాన్ని మైదానమంతటికీ వినిపించింది.

వన్స్‌మోర్‌కి తెరిచిన నోళ్లు తెరిచినట్టే ఆటోలెక్కాయి. సన్మానానికి తెచ్చిన దండలు విజయనగరం బయల్దేరాయి. దండలతో పాటు రమేష్‌బాబూ, కడుపు నిండిన కూర్మయ్యా.

తెర వెనక జోగయ్యకి జాలేసింది. జాలికన్నా ముందు ఆశ పుట్టింది. ఇప్పుడు ఆపమనేవాడు లేడు. కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకున్నాడు. ఉప్పు తిన్నవాడు తలుపు తీసిన చోట రాగం ఇంకాస్త సాగదీశాడు. ముగించి, తెర తొలగించి చూశాడు. అన్నీ ఖాళీ కుర్చీలు. సింహాసనం మీద కిరీటంతో మంత్రిగారు, కళ్లనిండా నీళ్లు. ఒక్కడైనా విన్నాడని జోగయ్య మనసు నిండిపోయింది.

"తరవాతేటవుతాది మాస్టారూ?"

"దౌలతాబాదు కోటలో ఖైదు బాబూ. సచ్చిందాకా."

మంత్రిగారు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అక్కడ గన్‌మెన్లనిస్తారా?"